పాలడబ్బాల్లో పాలపుంత

పాక్‌దే పోనిమన్ బియ్యపు గింజ కనబడితే లెక్కపెట్టకుండా ఊరుకోలేడు. ఊరికే లెక్కపెట్టడం కాదు, ఒక్కో గింజనీ ఒక్కో నక్షత్రం కింద కడతాడు. పేరులో 'పోనీ' ఉందన్న మాటే గాని, ఒక్క గింజని కూడా పోనిచ్చే మనిషి కాదు. పాక్‌దే అంటే పెదనాన్న. కారంగ్‌సారి ఊళ్లో కింది వీధిలో ఇరవై ఏడు ఇళ్లకీ ఆయన పెదనాన్నే. ఆయనకంటే రెండేళ్లు పెద్దదైన టీ కొట్టు పైనెమ్ కూడా ఆయన్ని పాక్‌దే అనే పిలుస్తుంది. ఆయనేమో ఆవిణ్ని 'యు' అంటాడు, అంటే అక్క. వరస కుదరలేదని ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ బాధపడలేదు.

ఆ వీధిలో ప్రతి గుమ్మం పక్కనా ఒక మేకు, మేకుకి ఒక ఖాళీ పాలడబ్బా వేలాడుతుంటాయి. సాయంత్రం ఎసట్లోకి బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఐదు వేళ్లకీ వచ్చినన్ని గింజలు ఆ డబ్బాలో వేస్తుంది. ఇషా నమాజు అయ్యాక కాపలా వంతు ఉన్న మగవాళ్లు డబ్బాలన్నీ వంచుకుంటూ వీధి చుట్టి వస్తారు. దాన్ని జింపితాన్ అంటారు. మాటకి అర్థం కూడా చిటికెడనే. ఎవరైనా మంచాన పడ్డా, ఎవరింట్లోనైనా చావు జరిగినా, వీధి దీపం మాడిపోయినా ఆ చిటికెళ్లే కుప్పై ఆదుకుంటాయి. తాతలనాటి పద్ధతి.

మిగతా వీధుల్లో ఆ బియ్యం సంచిలో పోసి, సంచిని కాపలా పాకలోని జాడీలో గుమ్మరించి, దులుపుకుని ఇంటికి పోతారు. కింది వీధిలో అలా కుదరదు. ఏ ఇంటి గింజలు ఆ ఇంటి అరిటాకు పొట్లంలో రావాలి. పాకలో వెదురు మంచె మీద పాక్‌దే చేట ముందు పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. పొట్లం విప్పి, గింజల్ని పదేసి చొప్పున వేలితో జరుపుతూ లెక్కపెడతాడు. ఇరవై ఏడు పొట్లాలకీ నిండుగా గంట పడుతుంది. జాడీ మూత వేసేదాకా కాపలావాళ్లు కదలకూడదన్నది తాతలు పెట్టిన రూలు. అంచేత వంతు వచ్చిన ప్రతివాడూ ఆ గంటసేపూ విశ్వాన్ని భరించాల్సిందే.

"అన్నీ కలిపేసి ఒకేసారి లెక్కపెట్టకూడదా పాక్‌దే?" అని ఎవరైనా అంటే ఆయన చెవులు మూసుకునేవాడు. "ఒక్కో ఇల్లూ ఒక్కో నక్షత్ర మండలంరా! మండలాలు కలిపేస్తే దేవుడు ఒప్పుకుంటాడా?"

ఆయనకి ఈ చదువు బళ్లోనే వచ్చింది గాని, తరగతి గదిలో కాదు. నలభై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో గంట కొట్టాడు. విరమించే ఏడు బడివాళ్లు పాత పుస్తకాలు బయట పడేస్తుంటే, ఆకాశం గురించిన ఒక లావు పుస్తకం ఆయన చేతికొచ్చింది. తొంభై నాలుగో పేజీ తర్వాత పేజీలు లేవు. ఆరా తీస్తే అవి అప్పటికే యు పైనెమ్ కొట్లో వేరుశెనక్కాయల పొట్లాలై వెళ్లిపోయాయి. అంచేత విశ్వం ఎలా మొదలైందో కారంగ్‌సారిలో పసిపిల్లలకి కూడా తెలుసు. చివరికి ఏమవుతుందో మాత్రం ఆ ఏడు వేరుశెనక్కాయలు కొనుక్కున్నవాళ్లకే తెలియాలి.

పాలపుంతలో కనీసం పదివేల కోట్ల నక్షత్రాలున్నాయని ఆ పుస్తకంలో ఉంది. 'కనీసం' అన్న మాట చదివిన రోజు ఆయనకి జ్వరం తగిలిందని చెప్పుకుంటారు. జ్వరం తగ్గిన మర్నాడే లెక్క మొదలుపెట్టాడు.

"రాత్రికి ఎన్ని నక్షత్రాలవుతాయి పాక్‌దే?" అని ఒకసారి మేకల బేరగాడు జుమాది అడిగాడు.

"పదకొండు వేలు. ఓ గుప్పెడు అటూ ఇటూ."

"ఈ లెక్కన మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?"

"ఎంత, ఇరవై అయిదు వేల ఏళ్లు."

"మొదలుపెట్టి పదకొండేళ్లయింది గదా, ఎంతదాకా వచ్చింది?"

"నాలుగు కోట్ల నలభై లక్షలు."

"ఇంకా మిగిలింది?"

"తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై అయిదు కోట్ల అరవై లక్షలు," అని పాక్‌దే చేట కాస్త వంచి చూసుకుని, "అయిపోవచ్చింది," అన్నాడు.

లోకమంతా గోరంతను కొండంత చేస్తుంటే, ఈయన కొండంతను గోరంత చేసేవాడు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "పాలపుంత ముందు ఇదెంత?" అనేవాడు. యు పైనెమ్‌కి పన్ను పోటు వచ్చి బుగ్గ బూరెలా వాచిన రోజునా అదే మాట.

"పాలపుంత ముందు నీ పన్నెంత యు?"

"నా నోట్లో పాలపుంత లేదు పాక్‌దే, పన్నే ఉంది!" అని ఆవిడ గరిటె ఎత్తింది.

జుమాది మేక తప్పిపోయినప్పుడూ అంతే. పాపం, జుమాది పాకలోకొచ్చి కళ్లొత్తుకుంటున్నాడు.

"ఎక్కడికి పోయుంటుందిరా?"

"కొండ దాటిపోయిందేమో పాక్‌దే!"

"చూడు నాయనా. సూర్యుడు మనందర్నీ వెంటేసుకుని పాలపుంత చుట్టూ పరుగెడుతున్నాడు. నిన్నూ, నన్నూ, ఆ మేకనీ కూడా. అది ఎక్కడికీ పోలేదు. మనతోనే వస్తోంది."

జుమాది రెట్టింపు ఏడ్చాడు. తెల్లారి చూస్తే మేక వాళ్ల గుంజకే కట్టేసి ఉంది. దారి వెతుక్కుంటూ అదే వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. దారి వెతుక్కున్న మేక తన మెడకి తనే తాడెలా కట్టుకుందని ఎవరికీ తోచలేదు.

ఇంకో వింత, ఇన్ని గింజలు లెక్కపెట్టే మనిషి రాత్రిపూట అన్నం ముట్టడు. ఉడకబెట్టిన కర్రపెండలం, రెండు పచ్చిమిరపకాయలు, కాసిని మంచినీళ్లు. ఎందుకని అడిగితే, "గంటసేపు నక్షత్రాలు లెక్కపెట్టి వచ్చి వాటినే నమలమంటారా? చందమామని మింగే రాకాసినా నేను?" అనేవాడు. ఆయనకున్న కాస్త మడిచెక్క మీద వచ్చే బియ్యం ఒంటిగాడికి మిగలాలి. మరి ఎటు పోయేవో ఎవరూ అడగలేదు. పిచ్చివాడి ఇంట్లో బియ్యం లెక్క ఎవడడుగుతాడు!

ఈ పిచ్చితో అందరికంటే ఎక్కువ వేగిపోయినవాడు వడ్రంగి వగిరన్. శనివారం కాపలా వంతు అతనిది. నాలుగేళ్ల కిందట మసీదు కప్పు మీద పెంకులు సర్దుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతికింది గాని, వెదురు మంచె మీద గంటసేపు కూర్చుంటే నడుం దగ్గర్నించి మడమదాకా సలుపు పుడుతుంది. ఆ సలుపుకి తోడు పాఠం ఒకటి.

"ఇదిగో, ఈ గింజ సూర్యుడనుకో," అనేవాడు పాక్‌దే, మంచె మీద ఒక గింజ పెట్టి. "భూమి ఎక్కడుంటుంది చెప్పు?"

"కిందటి శనివారం చెప్పారుగా పాక్‌దే. జానెడు దూరంలో."

"ఎంత ఉంటుంది?"

"కంటికి ఆనని దుమ్ము."

"ఆ దుమ్ము మీదే నువ్వూ, నేనూ, సముద్రాలూ, మెరాపి కొండా, మీ ఆవిడా. మరి ఈ సూర్యుడికి పక్కింటి నక్షత్రం ఎక్కడ?"

"సోలో పట్నంలో."

"ఆఁ! అరవై కిలోమీటర్లు! మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదు."

"దారిలో ఉన్న క్లాతెన్‌లో?"

"క్లాతెన్‌లో కూడా లేదు పాక్‌దే," అని వగిరన్ ఆవులించేవాడు.

"అక్కడ దీపం వెలిగిస్తే ఆ వెలుగు మనకి చేరడానికి నాలుగేళ్ల మూడు నెలలు!" అంటూ పాక్‌దే ఆ గింజని మళ్లీ చేటలో వేసి, ఎక్కడిదాకా లెక్కపెట్టాడో మరిచిపోయి, ఆ పొట్లం మొదటినించీ ఎత్తుకునేవాడు.

ఇలా ఉండగా వగిరన్‌ని వీధి పెద్దగా ఎన్నుకున్నారు. అతను చేసిన మొదటి ఆలోచన తన నడుం గురించే. ఇక రోజూ డబ్బాలక్కర్లేదు, ఇంటికో డబ్బాడు బియ్యం నెలకోసారి తన ఇంటికి తెచ్చిపోస్తే సరి, కాపలా కాపలాగే ఉంటుంది. ముప్పై అయిదు రోజులకోసారి వచ్చే జుమాత్ క్లివోన్ శుక్రవారం నాడు, అంటే ఇంకో వారానికి, వీధి సమావేశంలో ఖాయం చేద్దామన్నాడు. సగం వీధి అప్పుడే తలూపింది. అందరికీ నడుములున్నాయి గదా.

ఈ సంగతి తనే స్వయంగా వెళ్లి పాక్‌దేకి చెప్పాడు. ఎంత విసుగున్నా పెద్దమనిషి, వెనకనించి తెలియడం బాగోదని.

పాక్‌దే చేట దులపడం ఆపేశాడు. "నెలకోసారి అంటే, మధ్యలో ఇరవై తొమ్మిది రోజులు ఏమీ తెలియదు గదా నాయనా?" అన్నాడు.

"ఏం తెలియదు?"

"అదే... నక్షత్రాలు."

"అవెక్కడికి పోతాయి పాక్‌దే? మనతోనే వస్తున్నాయిగా!" అన్నాడు వగిరన్, నవ్వు ఆపుకుంటూ. పాక్‌దే నవ్వలేదు. వగిరన్‌కి ఏదోలా అనిపించింది గాని, ఇంటికి వచ్చేసరికి కాలు సలిపి ఆ అనిపించింది కాస్తా పోయింది.

అంతటితో ఆగితే బాగుండును. వగిరన్‌కి ఒక కొంటె బుద్ధి పుట్టింది. భార్య రుబియా డబ్బాలో వేసిన చిటికెడూ తీసి వంటింటి జాడీలో పోసేసి, ఎంచి తొమ్మిది గింజలు మాత్రం డబ్బాలో వేశాడు. లెక్క ఎంత తొందరగా తేలుతుందో ముసలాయనకి చూపిద్దామని. వీధి పెద్ద హోదాలో ఆ రాత్రి పాకకి కూడా వెళ్లి కూర్చున్నాడు.

పాక్‌దే పొట్లం విప్పాడు. వేలు గాలిలో ఆగిపోయింది.

"వగిరన్ ఇల్లు... తొమ్మిది."

"మీ పుస్తకంలో గ్రహాలు తొమ్మిదేగా పాక్‌దే! మా ఇంటినించి ఇవాళ గ్రహాలు పంపాం," అని వగిరన్ పకపకా నవ్వాడు. కాపలావాళ్లూ నవ్వారు.

పాక్‌దే అతని మొహంలోకి చూశాడు. "పని దొరుకుతోందా నాయనా?"

"బ్రహ్మాండంగా."

రెండో రాత్రీ తొమ్మిదే. "రుబియాకి ఒంట్లో బావుంటోందా?"

"రాయిలా ఉంది."

మూడో రాత్రీ తొమ్మిదే. ఆ రాత్రి పాక్‌దే సూర్యుడి ఊసే ఎత్తలేదు. సోలోకి వెళ్లలేదు. పోతూ పోతూ వగిరన్ బొజ్జవంక జాలిగా చూసి, "సన్నబడ్డావు," అన్నాడు. ఆ బొజ్జ పెరిగిన మూలంగానే వగిరన్ కిందటి నెల్లో లుంగీ బెల్టుకి ఇంకో కన్నం పొడిపించుకున్నాడు.

నాలుగో పొద్దున, ఎదురుగా కొట్టు తెరుస్తున్న యు పైనెమ్ కేక విని వీధంతా లేచింది.

"ఓ వీధి పెద్దా! లే లే! నీ ఇంటికి బియ్యం సాయం వచ్చిందయ్యా!"

వగిరన్ లుంగీ బిగించుకుంటూ బయటికొచ్చాడు. డబ్బా వేలాడే మేకుకి మూడు కిలోల బియ్యం మూట. తెల్ల గుడ్డ, నారతాడు, బిగించిన ముడి.

"పెద్దరికం వచ్చి వారం కాలేదు, అప్పుడే పొయ్యిలో పిల్లి పడుకుందా?" అంది యు పైనెమ్.

"మా ఇంట్లో బియ్యం ఉన్నాయి!" అని అరిచాడు వగిరన్.

"లేనివాళ్లందరూ అలాగే అంటారు," అని ఆవిడ లోపలికెళ్లి నాలుగు అరటికాయ బజ్జీలు పొట్లం కట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. కాదంటే ఊరుకునే మనిషి కాదు. పక్కింటావిడ బొప్పాయి తెచ్చింది. వెనకింటాయన పులియబెట్టిన సోయాగింజల టెంపే తెచ్చి గుమ్మంలో పెట్టి, కళ్లు కలపకుండా వెళ్లిపోయాడు. జుమాది ఏకంగా అరటిగెల భుజాన వేసుకొచ్చాడు.

"చెప్పలేదేం తమ్ముడూ! పరాయివాళ్లమా?"

"కాంగ్!" అన్నాడు వగిరన్, అంటే అన్నయ్యా అని. "ఒట్టు! జాడీ నిండా బియ్యం ఉన్నాయి. కావాలంటే వంటింట్లోకొచ్చి చూడు!"

జుమాది నిజంగానే వంటింట్లోకొచ్చి చూశాడు. జాడీ మూత తీసి, చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపి, "ఉన్నాయే!" అన్నాడు, కొంచెం నిరుత్సాహంగా.

రుబియా మూటని ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. విప్పలేదు. ముడి మీదే వేలు పెట్టి ఉంది.

"ఈ ముడి నాకు తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"నీ కాలు విరిగినప్పుడు మన మేకుకి వచ్చిన మూటలకీ ఇదే ముడి. వారానికొకటి, ఎనిమిది వారాలు."

"అవి కాంగ్ జుమాది పంపినవి గదా!" అన్నాడు వగిరన్.

"నేనా?" అన్నాడు జుమాది. "ఏ మూటలు?"

వగిరన్ నోరు తెరిచాడు. "నువ్వు కాదూ? మరి నీకు పనసచెక్క మంచం చేసిచ్చాను గదా! అప్పుడెందుకు తీసుకున్నావు?"

"నువ్వు కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ఇచ్చావు తమ్ముడూ. కాదంటే బాధపడతావని..." జుమాది నీళ్లు నమిలాడు. "మంచం మాత్రం చాలా బావుంది. నాలుగేళ్లుగా దాని మీదే పడుకుంటున్నా."

రుబియాకి ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే చెప్పింది. "ఆ రోజుల్లో ఇంట్లో బియ్యం అడుగంటాయి. డబ్బా ఖాళీగా ఉంటే వీధిలో తెలిసిపోతుందని పన్నెండు గింజలు వేసేదాన్ని. డబ్బా వంచితే చప్పుడు రావాలిగా మరి. ఎవరికీ తెలియదనే అనుకున్నా."

"పన్నెండా, నాలుగు వందలా అన్నది లెక్కపెడితే గాని ఎవరికి తెలుస్తుంది?" అని జుమాది అని, తను అన్న మాట తనకే వినబడి ఆగిపోయాడు.

జుమాది వంగి ముడిని చూశాడు. "ఇది నా మేక మెడలో కూడా ఉంది. ఆ పోయి వచ్చిన రోజున."

ముగ్గురూ ఒకేసారి కిటికీలోంచి ఎదుటి కాపలా పాకవంక చూశారు. చూరుకి వేలాడే కెంతోంగన్, దొంగలొస్తే వాయించే డొల్ల మొద్దు, గాలికి కాస్త ఊగుతోంది. దాన్ని కట్టిన తాడుకి అదే ముడి. బడిగంట జారకుండా నలభై ఏళ్లు వేసిన ముడి.

"కాంగ్," అన్నాడు వగిరన్, "ఈ సంగతి బయట అనకు. డబ్బా తక్కువైతే పాక్‌దేకి తెలుస్తుందని తెలిస్తే, లేనివాళ్లు అప్పు చేసి మరీ డబ్బా నింపుతారు."

"అననులే. మంచం వెనక్కిచ్చెయ్యనా?"

"వద్దు. నోరు మూసుకో, చాలు."

వగిరన్ మూట భుజాన వేసుకుని వెళ్లేసరికి పాక్‌దే పెరట్లో కర్రపెండలం దుంపలు తవ్వుతున్నాడు. మూట చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇదేమిటి పాక్‌దే?"

"ఏమో. ఆకాశంలోంచి రాలి ఉంటుంది. ఒక్కోసారి నక్షత్రాలు రాల్తాయి."

"గుడ్డలో కట్టుకుని రాల్తాయా?"

పాక్‌దే గునపం పక్కన పెట్టాడు. "తీసుకో నాయనా. సిగ్గుపడకు. పాలపుంత ముందు మూడు కిలోలెంత?"

వగిరన్ తల వంచుకుని అంతా చెప్పేశాడు. తొమ్మిది గింజలూ తనే ఎంచి వేశాడనీ, వేళాకోళానికనీ, జాడీ నిండా బియ్యం ఉన్నాయనీ. చెప్పి, చీవాట్ల కోసం నిలబడ్డాడు.

పాక్‌దే మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "ఉన్నాయా? నిజంగా ఉన్నాయా? అమ్మయ్య! అల్లా దయ!" అని రెండు చేతులూ మట్టితోనే మొహానికి రాసుకున్నాడు. "మూడు రాత్రులు నిద్ర లేదురా! నువ్వు నవ్వుతూ చెప్పావు చూడు, అందుకే భయం వేసింది. ఇంట్లో బియ్యం ఉన్నవాడు విసుక్కుంటాడు. లేనివాడే నవ్వుతాడు. అప్పట్లో మీ ఆవిడా రోజూ నవ్వుతూనే పలకరించేది."

వగిరన్ మూట కిందికి దించాడు. "మా ఇల్లు కాక ఇంకా ఎన్ని ఇళ్లు పాక్‌దే?" అన్నాడు.

"ఆ లెక్క నాకు గుర్తుండదు."

"నాలుగు కోట్ల నలభై లక్షలు గుర్తున్నాయి గదా!"

"అవి నక్షత్రాలు. ఇవి ఇళ్లు. నేను లెక్కపెట్టేవాణ్ని, అంతే. అసలు లెక్క తెలిసినవాడు పైనున్నాడు." పాక్‌దే ఒక దుంప మట్టి దులిపి వగిరన్ చేతిలో పెట్టాడు. "ఆ పుస్తకం చదివినప్పుడు నాకు జ్వరం ఎందుకొచ్చిందో తెలుసా? పదివేల కోట్లని కాదు. సూర్యుడికి పక్కింటివాడు సోలోలో ఉన్నాడే, మధ్యలో క్లాతెన్‌లో కూడా ఎవరూ లేరే, పాపం, వాడింట్లో పొయ్యి వెలిగిందో లేదో వీడికి నాలుగేళ్లకి గాని తెలియదే అని. మనకి దేవుడు ఎంత దగ్గరగా ఇళ్లిచ్చాడు! పది అడుగులు! పది అడుగులేసి చూడకపోతే ఆయన ఇంత దగ్గరగా పెట్టి ఏం లాభం?"

ఆ దుంప పట్టుకునే వగిరన్ ఇంటికొచ్చాడు. రుబియా అడిగింది, "ఏమన్నాడు?" అని.

"సోలో దీపం మనింటికి చేరింది," అన్నాడు. "నాలుగేళ్లు పట్టింది."

జుమాత్ క్లివోన్ నాడు సమావేశం కిటకిటలాడింది. పాక్‌దే ఎవరికీ అడ్డం కాకుండా వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చేట కూడా తెచ్చుకున్నాడు, అప్పగించెయ్యాలి గాబోలని.

వీధి పెద్ద లేచి గొంతు సవరించుకున్నాడు.

"నెలకోసారి పద్ధతి రద్దు. డబ్బాలు డబ్బాల్లాగే ఉంటాయి. లెక్క లెక్కలాగే సాగుతుంది."

"అదేమిటి! పెట్టిందీ నువ్వే, తీసిందీ నువ్వేనా?" అంది యు పైనెమ్.

కారణం చెప్పకూడదు. వగిరన్ పైకీ కిందికీ చూశాడు. "అది కాదు యు. ఇంకా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై అయిదు కోట్ల అరవై లక్షలు మిగిలాయి. ఇంతదాకా వచ్చి మధ్యలో వదిలేస్తే పై వీధివాళ్లు ఏమనుకుంటారు? మన వీధికి పరువు తక్కువ కాదూ?"

"నిజమే!" అని జుమాది అవసరానికి మించి గట్టిగా అరిచాడు.

"మరి నీ నడుం నొప్పో?"

"పాలపుంత ముందు నా నడుమెంత యు!"

సభంతా గొల్లుమంది. వెనకాల పాక్‌దే మాత్రం గంభీరంగా తలూపి, "ఇప్పటికి ఒకడికి అర్థమైంది," అన్నాడు పక్కవాడితో.

నడుమెంత అన్నాడే గాని, నడుం నడుమే. వగిరన్ వడ్రంగి బుర్రతో ఆలోచించి పనసచెక్క పలక ఒకటి చిత్రికపట్టాడు. అందులో వరసకి పది, పది వరసలు, గింజ ఒక్కటి మాత్రమే పట్టే వంద గుంటలు తొలిచాడు. పొట్లం బియ్యం పలక మీద పోసి ఒక్క ఊపు ఊపితే గుంటకో గింజ చొప్పున కూర్చుంటాయి. మిగిలింది చేటలోకి దులిపేస్తే, పలక మీద సరిగ్గా నూరు. శనివారం రాత్రి దాన్ని పాక్‌దే ముందు పెట్టాడు. పాక్‌దే ఒకసారి ఊపాడు. రెండోసారి ఊపాడు. పసివాడిలా నవ్వాడు. గంట పట్టే లెక్క పావుగంటలో తేలింది.

వగిరన్ విజయగర్వంతో లేచి లుంగీ దులుపుకున్నాడు. "ఇక ఇరవై అయిదు వేల ఏళ్లు తగ్గుతాయా పాక్‌దే?"

"ఎలా తగ్గుతాయి? లెక్క తొందరగా తేలుతుంది గాని, గింజలు అవేగా." పాక్‌దే జాడీ మూత మీద చెయ్యి వేశాడు గాని, మూత వెయ్యలేదు. "కూర్చో, కూర్చో. నీ పుణ్యమా అని ముప్పావుగంట మిగిలింది. ఇన్నాళ్లూ తీరిక లేక చెప్పలేకపోయాను. మన పాలపుంత లాంటివి ఇంకా ఎన్నున్నాయో తెలుసా?"

వగిరన్ కూర్చున్నాడు. కాపలావాళ్లిద్దరూ అతనివంక చూసిన చూపుకి పలక అక్కడే రెండు ముక్కలైపోవాల్సింది.

"అది చెప్పే ముందు," అన్నాడు వగిరన్ గొంతు తగ్గించి, "ఇవాళ మా ఇంటి లెక్క ఎంతొచ్చింది పాక్‌దే?"

"నాలుగు వందల పన్నెండు."

"వీధి?"

పాక్‌దే ఇరవై ఏడు ఖాళీ అరిటాకుల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, పక్కన పెట్టుకున్నాడు.

"ఈ రాత్రికి అందరూ వండుకున్నారు," అని, మంచె మీద ఒక గింజ పెట్టాడు. "ఇదిగో, ఇది పాలపుంత అనుకో..."